తాళం వేసిన కొళాయి

ధర్మవరంలో మా వఠారంలో ఎనిమిది మగ్గాల ఇళ్లకూ, ఓనరు ఇంటికీ కలిపి ఒకటే కొళాయి. పెంచిన అద్దె ఇవ్వలేమన్నామని ఆయన దానికి తాళం వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు తలుపూ తట్టి ఆడవాళ్లందరినీ కూడగట్టాను. తెల్లారేసరికి కొళాయి నుంచి ఆయన గడప దాకా ఖాళీ బిందెలు వరుసగా పెట్టేశాం. మా దగ్గర వరుసలో ఉన్న బిందెను ఇంకొకరు ముట్టుకోరు. స్కూటరు తీయబోయిన ఓనరు ఒక బిందె మీదికి వంగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తీయండమ్మా!" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. చివరికి విసురుగా వెళ్లి తాళం తీసి, మొదటి బకెట్టు తనదే పెట్టబోయాడు. నేను సంతోషంగా వరుస చివరికేసి చెయ్యి చూపించాను.

"ఏమన్నా, లైను ఆడ ఉండాది."

ఆయన బకెట్టుతో వెనక్కి నడిచి, తన గడప ముందే వరుసలో నిలబడ్డాడు.