చేతి చాటు జగ్రూతా

ఇన్షిరాహ్ చేతులకు ఖాళీ ఉండదు, నోటికి అసలే ఉండదు. కైరోలోని షుబ్రా పేటలో, సమాహ్ బ్యూటీపార్లర్ గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. బియ్యం కూరుకోవడానికి వీలుగా, లేత దోసకాయల్లా ఉండే కూసా కాయల్లోని గుజ్జు తోడి, ఉద్యోగాలకు పోయే ఆడవాళ్లకు అమ్ముతుంది. కాయ చిట్లకుండా తోడడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆమె మాత్రం కాయ వంక చూడనైనా చూడదు. వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ, మధ్యమధ్యలో తన సినిమా కథ చెబుతూ తోడేస్తుంది.

ఆ కథ వినని వాళ్లు ఆ వీధిలో లేరు. ఆమె పడుచుగా ఉన్నప్పుడు పెద్దమ్మ ఒక సినిమా స్టూడియోలో నేల తుడిచే పని చేసేది. పెళ్లి సీనుకు గుంపులో ఆడవాళ్లు కావాలంటే ఇన్షిరాహ్‌ని వెంటబెట్టుకెళ్లింది. కథ ప్రకారం హీరోయిన్ కౌకబ్ నసీమ్ చెల్లెలి పెళ్లిలో జగ్రూతా వేయాలి. నాలుక చకచకా ఆడిస్తూ గొంతెత్తి వేసే ఆ కూత లేకుండా ఎవరింట్లోనూ ఏ శుభకార్యమూ కాదాయె. కౌకబ్‌కు అందముంది, నడకుంది, అడిగిన వెంటనే కన్నీళ్లు తెప్పించుకునే విద్య ఉంది. జగ్రూతా మాత్రం లేదు. డైరెక్టరు విసిగిపోయి గుంపు వైపు తిరిగి, "మీలో ఎవరికైనా గొంతుందా తల్లీ?" అన్నాడట. జగ్రూతా వేసేటప్పుడు ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్యాద. అదే కలిసొచ్చింది. కౌకబ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కెమెరా పక్కన నిలబడి ఇన్షిరాహ్ కూత వేసింది. డైరెక్టరు సంబరపడి తాను తినబోతున్న శాండ్‌విచ్, మసాలా పట్టించిన ఎండుమాంసం బస్తుర్మా పెట్టింది, ఆమె చేతిలో పెట్టాడు.

సినిమా ఆడింది. దేశమంతా ఆ జగ్రూతా కౌకబ్‌దే అనుకుంది. ఇప్పటికీ పెళ్లిళ్లలో పాటలు పెట్టేవాళ్లు ఆ కూతనే వినిపిస్తుంటారు. ఇన్షిరాహ్ మొగుడు ఆ కథ విన్నప్పుడల్లా నవ్వి ఊరుకునేవాడు. ఆడపడుచు నబవియ్యా ఊరుకునే రకం కాదు.

"మా వదిన పుట్టకపోతే సినిమాలన్నీ మూగవే," అనేది. "పిరమిడ్లకు రాళ్లు అందించింది కూడా మా వదినే, అడిగి చూడండి."

పోయిన ఏడాది కౌకబ్ నసీమ్ తన జీవిత కథ అచ్చు వేయించింది. నబవియ్యా కూతురు ఇనాస్ ఆ పుస్తకం కొని, పెళ్లి సీను ఉన్న పేజీ పార్లర్‌లో పైకి చదివింది. 'గుండెల నిండా ఊపిరి పీల్చి జగ్రూతా వేశాను, స్టూడియో అంతా నిశ్శబ్దమైపోయింది' అని రాసి ఉంది. నబవియ్యాకు పండగైపోయింది. ఇన్షిరాహ్ ముఖం మాత్రం మాడిపోయింది. వారం రోజులు సినిమా ఊసెత్తలేదు. ఎత్తకుండా ఉండడం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. అబద్ధాలకోరు అన్న పేరు ఏ మనిషికైనా బరువే. అందులో చెప్పింది నిజమైతే మరీ బరువు.

ఇనాస్ పెళ్లి దగ్గరపడింది. జగ్రూతాకు వదినను పిలవనక్కర్లేదని, ఫోన్లో సినిమాది పెట్టిస్తే చాలునని నబవియ్యా తేల్చేసింది. గోరింటాకు రోజు మధ్యాహ్నం అందరూ పార్లర్‌లో చేరారు. ఇనాస్ రెండు చేతులూ సమాహ్ ముందు చాచి కూర్చుంది. ఇన్షిరాహ్ కాయల బుట్ట లోపలికే తెచ్చుకుంది.

"అత్తా, ఆ పుస్తకం ఇప్పుడు ఫోన్లో వినొచ్చు," అంది ఇనాస్ మెల్లిగా. "కౌకబే సొంత గొంతుతో చదివింది."

ఇన్షిరాహ్ చేతిలోని కత్తి ఆగింది. "పెట్టు. రాసింది ఎవరో ఏమో. ఆవిడ నోటితో విన్నాకే నమ్ముతాను."

"విన్నాక ఏం చేస్తావు వదినా?" అంది నబవియ్యా.

"తానే వేశానని ఆవిడ తన నోటితో అందనుకో, ఇక ఏ పెళ్లిలోనూ నోరు మెదపను. కథ కూడా చెప్పను. కాదందనుకో, నువ్వేం చేస్తావు?"

"వీధిలోకెళ్లి నేనే చాటింపు వేస్తా. సరేనా?"

"పెళ్లి వేళ, మంచి మాటలనుకోండి పిన్నీ," అంది సమాహ్. ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు.

ఇన్షిరాహ్ తన మాటకు తానే భయపడింది. జగ్రూతా లేని పెళ్లిలో తానేం చేయాలి? కూర్చుని షర్బత్ తాగాలా? వెనక్కు తీసుకుందామంటే ఎదురుగా ఆడపడుచు ఉంది.

సమాహ్ నొక్కిన ఫోన్లోంచి కౌకబ్ గొంతు వచ్చింది. ముసలిదైపోయింది, కానీ అదే గొంతు. పెళ్లి సీను దాకా వచ్చింది. 'గుండెల నిండా ఊపిరి పీల్చి జగ్రూతా వేశాను' అని చదివింది. నబవియ్యా గడ్డం పైకెత్తింది. ఇన్షిరాహ్ కళ్లు దించుకుంది.

అక్కడ చదవడం ఆగింది. "ఇక్కడ ఒకసారి వేసి వినిపించండి మేడమ్," అని ఎవరో మగమనిషి అనడం సన్నగా వినిపించింది. గ్లాసు పెట్టిన చప్పుడు. తర్వాత కౌకబ్ జగ్రూతా మొదలుపెట్టింది. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక శబ్దం వచ్చి, దగ్గులోకి దిగింది. మళ్లీ వేసింది. ఈసారి ఇంకా ఘోరం. ఆ మగమనిషి నవ్వాడు. ఆవిడా పగలబడి నవ్వింది.

"తుడిచెయ్యొద్దు, ఉండనీ," అంది కౌకబ్. "రాసిపెట్టిన కుర్రాడు బాగానే రాశాడు కానీ, ఈ కూత నాకు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదు. అది గుంపులో ఒక పిల్లది. ముందు పళ్ల మధ్య సందుండేది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నానంతే. డైరెక్టరు తన శాండ్‌విచ్ దానికి ఇచ్చేశాడని నాకు ఆ రోజంతా కడుపుమంట. దాని పేరైనా అడగలేదు. ఎక్కడుందో ఏమో, చల్లగా ఉండాలి."

పార్లర్‌లో అందరూ ఇన్షిరాహ్ ముందు పళ్ల వైపు చూశారు. ఆ సందు అక్కడే ఉంది. ఆమె నవ్వుతోంది, కళ్లెంట నీళ్లు కారుతున్నాయి, రెండింటికీ అడ్డు పెట్టలేకపోతోంది.

"అత్తా, నువ్వే," అంది ఇనాస్.

"మళ్లీ పెట్టు," అంది ఇన్షిరాహ్.

"నీ గురించి చెప్పిన ముక్కా?"

"కాదే, ఆవిడ కూత. పాపం, నాలుక ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది. పక్కలకు ఆడించాలి. అప్పుడూ ఇదే తప్పు చేసింది." ఫోన్ దగ్గరకు వంగి, "ఇలా అమ్మా," అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని జగ్రూతా వేసింది.

అద్దాలు అదిరాయి. ఆ కూత గుమ్మం దాటి వీధిలో పడింది. ఆ వీధిలో జగ్రూతా వినబడితే ఎందుకని ఎవరూ ముందు అడగరు. వంటింట్లో ఉన్నా, బట్టలు ఆరేస్తున్నా, వెంటనే బదులిస్తారు. మూడో అంతస్తు నుంచి ఒకరు అందుకున్నారు, ఎదురింటి నుంచి ఇంకొకరు. తర్వాత ఒక బాల్కనీ నుంచి కేక వచ్చింది. "శుభం శుభం, ఏమైందర్రా అక్కడ?"

అందరూ నబవియ్యా వైపు తిరిగారు. ఆమె తల మీది ముసుగు సర్దుకుంది, లేచింది. మాటిచ్చి తప్పే మనిషి కాదు, ఎంత నోటి దురుసైనా. నడి వీధిలో నిలబడి తల పైకెత్తింది.

"పెళ్లి ఎల్లుండి. ఇది మా వదిన కూత. సినిమాలో కౌకబ్ నసీమ్‌ది అనుకున్నారే, అదీ మా వదినదే. కౌకబే చెప్పింది. అయినా ఆవిడ చెప్పేదేంటి, మా వదిన ఎన్నడైనా అబద్ధమాడిందా?"

లోపల ఇన్షిరాహ్ చేతిలోని కాయ ఫట్టున చిట్లింది.