పసుపు పూసిన తొలి ముడి

పోయినేడాది డైరీ తిరగేస్తే అన్నీ పొట్టి వాక్యాలే. "ఈరోజు వాన." "ఈరోజు ఎవరితోనూ మాట్లాడలేదు." అలాంటి పేజీల మధ్య నాలుగు వాక్యాలు మాత్రం ఒకేలా ఉన్నాయి. వాటి గురించే రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

నరసన్నపేట దగ్గర పెద్ద రోడ్డు పక్కన ఎత్తయిన నీళ్ల ట్యాంకు కడుతున్నారప్పుడు. ఎస్సెల్సీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు మామయ్య చెప్పి అక్కడ హాజరు రాసే పని ఇప్పించాడు. రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక కిటికీ. పొద్దునా మధ్యాహ్నం పేర్లు పిలవాలి. నా గొంతు మొదటి వరసకే అందేది కాదు. మేస్త్రీ ప్రతి పేరూ మళ్లీ గట్టిగా పిలిచేవాడు, అందరూ నవ్వేవారు. ఆ తరవాత సాయంత్రం దాకా నాతో ఎవరికీ పని ఉండేది కాదు. లైబ్రరీ పుస్తకం హాజరు పట్టీ కింద దాచుకుని చదువుకునేదాన్ని, కిటికీలోంచి కనిపించినవి డైరీలో రాసుకునేదాన్ని.

కిటికీకి ఎదురుగా పరంజా. సరుగుడు కర్రలు కొబ్బరి తాళ్లతో కట్టి, బల్లలు పరిచి, పైదాకా ఏటవాలుగా దారి వేశారు. ఆడవాళ్లు కాంక్రీటు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ దారినే ఎక్కేవారు. వాళ్లలో వంశధార ఒడ్డు ఊరి నుంచి వచ్చినామె ఒకతె మధ్యాహ్నం షెడ్డు నీడలో గిన్నె విప్పేది. అక్కడివాళ్లు అక్కను పిలిచినట్టే నేను ఆమెను అప్పా అనేదాన్ని.

"ఏటి పంతులమ్మా, ఆ పుస్తకంలో ఎవులు సచ్చిపోనారు ఇయ్యాల?"

"ఎవరూ చావలేదు అప్పా."

"మరా మొగమేటే అలగున్నాది? ఇంద, ఎండు సేప నంజుకో."

ఆ సైటులో నన్ను పలకరించే మనిషి ఆమె ఒక్కతే. ఆదివారాలు సెలవని అందరూ సంతోషించేవారు. నాకు సోమవారం మధ్యాహ్నం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

మేస్త్రీ అజాగ్రత్త మనిషేం కాదు. ప్రతి శనివారం పరంజా అంతా ఎక్కి ఒక్కొక్క ముడీ లాగి చూసేవాడు, వదులైతే తనే బిగించేవాడు. ఒక్క తొలి ముడి దగ్గర మాత్రం చెయ్యి పెట్టేవాడు కాదు. పని మొదలుపెట్టిన రోజు తూర్పు మూల కర్రకు కొబ్బరికాయ కొట్టి, పసుపు పూసి, బొట్టుపెట్టి కట్టిన ముడి అది. కట్టడం పూర్తయ్యేదాకా దాన్ని విప్పకూడదు, బిగించకూడదు. శనివారం శనివారం దానికి దండం పెట్టుకుని పక్క ముడికి పోయేవాడు.

వానలు పట్టాక ఒక రోజు ఆ మూల దగ్గరే అప్ప తూలింది. తట్ట కిందపడింది. ఆమె కర్ర పట్టుకుని నిలదొక్కుకుంది.

"రాసుకున్నావేటి?" అంది మధ్యాహ్నం. "ఎవులికీ సెప్పకు. మేస్త్రీ మావకి తెలిస్తే మైలతో తొలి ముడి దాటిందంటాడు, పని మానిపించెస్తాడు. నిరుడు ఒకల్ని అలగే పంపీసినాడు."

నేను అప్పటికే రాసుకున్నాను. ఆమె వెళ్లాక డైరీ వెనక పేజీలు తిప్పాను. నెల రోజుల్లో నలుగురు తూలారు. నలుగురూ తూర్పు మూల దగ్గరే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, ఎవరి భయం వారిది.

మర్నాడు అందరూ అన్నాలకు పోయినప్పుడు మొదటిసారి ఆ బల్లలు ఎక్కాను. ముడి మీద పసుపు పెచ్చులా గట్టిపడి ఉంది. గోటితో గీకితే లోపల తాడు నల్లగా, తడి పొడిలా రాలింది. తెల్లారితే స్లాబు పని. ఇరవై మంది ఆడవాళ్లు రోజంతా ఆ మూల మీంచే ఎక్కాలి.

అప్పకు చెప్పాను.

"ముడి సంగతి సెప్పు. నా సంగతి సెప్పకు."

స్లాబు రోజు పొద్దున అందరూ తట్టలతో నిలబడ్డారు. నేను మేస్త్రీ దగ్గరికెళ్లి డైరీ చాచాను. నోటితో చెప్పే ధైర్యం లేదు.

"నాకు సదువు రాదమ్మా. నువ్వే సెప్పు."

"తొలి ముడి... తాడు కుళ్లిపోయింది."

"తొలి ముడి మీద సెయ్యెయ్యమంటావా? స్లాబు రోజునా? ఎవులైనా పడ్డారేటి?"

వరసలో ఎవరూ కదల్లేదు. అప్ప నన్నే చూస్తోంది. పేర్లు చెప్పకపోతే ఆయన ముడి ముట్టుకోడు. నాలుగు వాక్యాలూ చదివాను. ఆ రోజు నా గొంతు అందరికీ వినపడింది.

మేస్త్రీ పైకెక్కి, దండం పెట్టి, ముడిని వేళ్లతో పట్టుకున్నాడు. అది చేతిలోకి ఊడి వచ్చేసింది. తరవాత కొత్త తాడు తెప్పించి మూడు చుట్లు కట్టాడు. దిగి వచ్చి మాత్రం, "మైలతో దాటబట్టే ఇలగయ్యింది" అని ఆ నలుగురినీ పనిలోంచి పొమ్మన్నాడు.

"నా కాలు జారితే నీకు రాతయ్యింది కదే, పంతులమ్మా," అంది అప్ప. గిన్నె తీసుకుని రోడ్డెక్కింది.

ఆ తరవాత ఎవరూ ఏమీ చెప్పడం మానేశారు. పది రోజులకి ఒక బల్ల జారి ఒకతని చెయ్యి నలిగింది. అది రెండు రోజులుగా కదులుతోందని అందరికీ తెలుసట.

మేస్త్రీ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవులూ సెప్పరేటమ్మా నాకు?"

"చెబితే పంపించేస్తారు కదా," అన్నాను, హాజరు పట్టీ వైపు చూస్తూ.

ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. మర్నాడు హాజరయ్యాక అందరి ముందూ చెప్పాడు: తూలినా, జారినా, కర్ర కదిలినా పంతులమ్మకి సెప్పండి, సెప్పినోల్ల పని పోదు. ఆ శనివారం నుంచి తొలి ముడి కూడా విప్పి, కొత్త తాడు కట్టి, మళ్లీ పసుపు పూసేవాడు. వారం వారం పూజే. పంపేసిన నలుగురికీ కబురు పెట్టాడు. ముగ్గురొచ్చారు.

రోజూ పొద్దున నేను డైరీ తెరిచి నిన్నటివి చదివేదాన్ని, అందరూ వినేవారు. మధ్యాహ్నం షెడ్డు నీడ ఖాళీగా ఉండేది.

ట్యాంకు అయిపోయాక, ఒకసారి పొందూరు బస్సు కోసం నిలబడి ఉంటే అప్ప కనబడింది. కొంగున ఇంకా సిమెంటు మరకలున్నాయి. నేను దగ్గరికెళ్లాను.

"ఎక్కడ పని అప్పా?"

"ఎక్కడో నీకెందుకు? మళ్లీ రాసుకుంటావేటి?" అంది. కాసేపటికి తనే అంది, రోడ్డు వైపు చూస్తూ: "అక్కడ ముడి సూసీవోళ్లు ఎవులూ నేరు. ఎక్కీముందు నానే లాగి సూస్తన్నాను. తొలి ముడితో సహా."

బస్సు వచ్చింది. ఆమె ముందుకెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. నేను వెనక సీట్లో చోటు చూసుకున్నాను.