మోసం వెతుకుతూ వెళ్ళిన ఆదివారాలు

మా అన్న పాలు పోయడానికి వెళ్ళి దేవుణ్ణి మార్చుకుంటున్నాడని మా పాలవాళ్ళ పేట గౌలిపురలో అందరికంటే ముందు పసిగట్టింది నేనే. పసిగట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆలోచించే రకాన్ని.

తప్పు నాది కాదు, మా వృత్తిది. ఆ రోజుల్లో బర్రెను గిరాకీ గుమ్మం దాకా తోలుకుపోయి అక్కడే పిండేవాళ్ళం. పిండే ముందు చెంబు బోర్లించి చూపించాలి, అడుగున నీళ్ళు లేవని. పర్దా వెనక నుంచి "బర్తన్ ఉల్టా కరో" అని గొంతు వినపడందే చెయ్యి పొదుగు మీదికి పోకూడదు. పొద్దున లేస్తే ఇంటింటా దొంగలా పరీక్ష ఇచ్చుకునేవాడికి లోకం మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పందొమ్మిది వందల ముప్పైల చివర్లో సంగతి. అన్న పాలు పోసే ఇళ్ళలో ఒక పెంకుటిల్లు ఉండేది. అందులో ఇద్దరు క్రైస్తవ బోధకులు, ఒకే సంఘం వాళ్ళు. రిఫార్మ్‌డ్ బోధ అనేవారు దాన్ని. మనిషి దేవుణ్ణి ఎంచుకోడట, దేవుడే ముందుగా మనిషిని ఎంచుకుంటాడట. ఒకనాడు అన్న మా తండ్రి బాపు ముందు నిలబడి, బాప్తిస్మం తీసుకుంటానని చెప్పేశాడు. మమ్మల్ని కన్న అవ్వ కూలబడిపోయింది.

బాపు కేకలు వెయ్యలేదు. నన్ను పిలిచాడు. ఇంట్లో మిడిల్ దాకా చదివింది నేనొక్కణ్ణే.

"నువ్వు పోయి కూసొని విను. వానికి ఏం ఆశ చూపిస్తున్నరో, ఏం మందు పెట్టిన్రో చూడు. మోసం లేదని నువ్వంటే వాడు ఈ ఇంట్లనే ఉంటడు, కులపోళ్ళు ఏమన్న అననీ. ఉన్నదంటే మాత్రం, వాడు అటన్న పోవాలె, అది ఇడిచి ఇటన్న ఉండాలె."

అలా అన్న బతుకు నా నాలుక మీదికి వచ్చింది. రెండు నెలలు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ పెంకుటింటికి వెళ్ళాను.

పెద్దాయన ముసలివాడు, నిదానస్థుడు. వకీలులాగా ఒక్కొక్క రుజువూ ముందు పెట్టేవాడు. యేసు సమాధి ఖాళీగా ఉందని ముందు చూసింది ఆడవాళ్ళట. "ఆ కాలంల ఆడోళ్ళ సాక్ష్యం ఎవడు లెక్కజేస్తడు బిడ్డా? కథ అల్లెటోడైతే మొగోళ్ళనే పెట్టకపోవునా? నువ్వే ఇన్సాఫ్ జెయ్యి," అన్నాడు. బాగానే ఉందనిపించింది. అలా అనిపించినందుకు ఆయన మీద అనుమానం ఇంకా పెరిగింది.

చిన్నాయన మద్రాసులో చదివి వచ్చాడు, మాట కూడా పుస్తకం మాటే. ఆయన ఒక్క రుజువూ చూపలేదు. "మిమ్మల్ని న్యాయాధిపతిగా కూర్చోబెట్టింది ఎవరు?" అని అడిగాడు. "అబద్ధం తప్పు అంటున్నారు. అది తప్పని మీకు ఎలా తెలుసు? నిజమనేది ఒకటి ఉందని ముందే నమ్మి కదా మీరు అనుమానపడుతున్నారు. దేవుణ్ణి కాదనడానికి కూడా దేవుడిచ్చిన తూనికే పట్టుకున్నారు మీరు."

నాకు ఒళ్ళు మండింది. నమ్మితేనే నమ్మకం కలుగుతుందంటే, ఇదేం గానుగెద్దు తిరుగుడు? అయితే లోలోపల సంబరం కూడా కలిగింది. ఒకాయన చూసి నమ్మమంటున్నాడు, ఇంకొకాయన నమ్మందే చూడలేవంటున్నాడు. దొంగలు దొరికారు అనుకున్నాను.

పోలీసులు చేసినట్టే చేశాను. ఒకరి మాట ఇంకొకరి చెవిన, అన్నవాళ్ళకు తెలియకుండా, విడివిడిగా వేశాను. ముసలాయన, "వాని పద్ధతి నాకు ఎక్కది, సున్న చుట్టినట్టు ఉంటది," అన్నాడు. చిన్నాయన, "అయ్యగారి పద్ధతిలో దేవుడు బోనులో నిలబడాల్సి వస్తుంది, అది నాకు బాధ," అన్నాడు. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి ఇద్దరూ నా ఎదుటే ఒకరి ముఖాన ఒకరు అవే మాటలు అనుకుని, ఒకే కెటిల్‌లోంచి చాయ్ పోసుకుని తాగారు. "ఎట్ల జెప్పినా, దిల్ తెరిచేది దేవుడే," అని ముసలాయన అంటే చిన్నాయన తల ఊపాడు.

మోసగాళ్ళయితే మాట కలుపుకుని వచ్చేవాళ్ళు. వీళ్ళు కలుపుకోలేదు, దాచుకోలేదు. నౌకరీ ఆశ పెట్టలేదు, పైసా చూపలేదు. రెండు నెలలు తవ్వినా నాకు ఎలుక కూడా దొరకలేదు.

ఆ రోజు తిరిగి వస్తుంటే దారిలో, నా వెంట వస్తున్న అన్న అడిగాడు. "తమ్మీ, బాపు నిన్నెందుకు తోలిండో నాకు ఎరికె. ఒక్కటి చెప్పు. మోసం లేదని తేలితే నువ్వేం జేస్తవ్? నమ్ముతవా?"

"నేనెందుకు నమ్ముత?"

"మరి గంత పరీక్ష దేనికి పెట్టినవ్?"

నాకు సిగ్గేసింది. సిగ్గు కోపంగా మారడానికి ఎంతసేపు పడుతుంది? మా వాడకట్టు వచ్చేలోగా మారింది. గుళ్ళకు పాలు పోసే ఇల్లు మాది. అన్న ఇంట్లో ఉంటే మా పాలు ఎవరు ముట్టుకుంటారు, నాకు పిల్లనెవరు ఇస్తారు అని మనసు లెక్కలు వేసింది. ఇంకొకటి కూడా ఉంది, ఇప్పుడు చెప్పడానికి భయమెందుకు? నేను వెళ్ళలేని చోటికి వాడు నిబ్బరంగా వెళ్తుంటే ఓర్వలేకపోయాను.

బాపు కొట్టంలో కుడితి కలుపుతున్నాడు. "ఏం తేలింది?" అన్నాడు. అన్న నా పక్కనే ఉన్నాడు.

"ఒకడు చూసి నమ్ముమంటడు, ఒకడు నమ్మి చూడుమంటడు. వాళ్ళ మాట వాళ్ళకే కలుస్తలేదు. ఉత్త మోసమే బాపు."

మొదటి రెండు మాటలూ నిజాలే. నిజాల వెనకే అబద్ధాన్ని నిలబెట్టాను, ఎవరికీ అనుమానం రాకుండా.

అన్న నా ముఖంలోకి చూశాడు, అంతే. చేతులు కడుక్కుని, దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "అటే పోతున్న బాపు," అన్నాడు. అవ్వ ఏడుస్తూ వాకిలి దాకా వెళ్ళింది. బాపు చెయ్యి కుడితిలోనే ఉంది.

అన్న మళ్ళీ మా గడప తొక్కలేదు. బాపు ఇంకా ఎనిమిదేళ్ళు బతికాడు. ఆఖరి రోజుల్లో మంచం పక్కన నేనే కూర్చునేవాణ్ణి. "ఆనాడు నిజమే చెప్పినవా రా?" అని ఒక్కసారి అడిగితే కాళ్ళ మీద పడి అంతా చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. ఆయన అడగలేదు. నా మాట మీద బాపుకు ఏనాడూ అనుమానం రాలేదు.