నడక పందెంలో "ఉరుకు బిడ్డా"

నేను నడక పందెంలోకి వచ్చింది ప్రతిభ వల్ల కాదు, ప్రోత్సాహం వల్ల. తొమ్మిదో తరగతిలో పరుగు పందేల్లో అందరికంటే వెనక వస్తుంటే మా పీఈటీ సారు భుజం తట్టి, "నీకు ఉరుకుడు రాదు గనీ, నడకల పేరిస్త. అండ్ల ఎవ్వరుండరు. నడిశినోళ్లందరికి మెడల్ వస్తది" అన్నారు. ఒక పిల్లలోని క్రీడాకారిణిని ఇంతకంటే గొప్పగా ఎవరు గుర్తించగలరు?

చూడ్డానికి సులువైన ఆటే. కాకపోతే ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉండాలి. ముందుకు వేసిన కాలు వంగకూడదు. రెండు పాదాలూ గాలిలోకి లేస్తే అది పరుగు కింద లెక్క. ముగ్గురు జడ్జీలు తప్పు పడితే ఎర్ర పలక చూపించి బయటికి పంపిస్తారు. అందుకని నడుము అటూ ఇటూ తిప్పుతూ నడవాలి. బోధన్‌లో, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వైపు రోడ్డు మీద పొద్దున్నే అలా నడుస్తుంటే, చాయ్ హోటల్ ముందు పెద్దమనుషులు ఎంతో ఆప్యాయంగా, "ఏమైంది బిడ్డా, నడుం వట్టిందా?" అని పలకరించేవారు. ఒకాయన ఏ నూనె రాసుకోవాలో కూడా చెప్పాడు.

మా బాపు చెరుకు మానేసి వరి వేసుకుంటున్న రైతు. బిడ్డ కోసం పొద్దున పొలం పని ఆపుకొని మోటార్ సైకిల్ మీద నా వెనకే వచ్చేవాడు. నేను నెమ్మదిస్తే హారన్ కొట్టేవాడు. గేదెలకూ నాకూ ఒకటే హారన్. బాపుకు అన్న అయిన మా పెద్దబాపు పద్ధతి వేరు. ఆయన రోజూ ఫోన్‌కు సింహం బొమ్మ పంపేవాడు, కింద కసి గురించీ లక్ష్యం గురించీ నాలుగు ముక్కలతో. ఆ సింహాల్లో ఒక్కటీ నడిచేది కాదు. అన్నీ ఉరికేవే.

పదో తరగతిలో జిల్లా పోటీలు నిజామాబాద్ గ్రౌండ్‌లో జరిగాయి. గెలిస్తే రాష్ట్రానికి. పెద్దబాపు జీపు నిండా చుట్టాలను ఎక్కించుకొని వచ్చాడు. పందెం మొదలుకాకముందే నా పాస్‌పోర్ట్ ఫోటోను మనిషంత చేసి, "విజేతకు శుభాకాంక్షలు" అని ఫ్లెక్సీ కొట్టించి కంచెకు కట్టాడు. నా ఫోటో కంటే ఆయన ఫోటో కొంచెమే పెద్దది.

సగం దూరం వరకు నేను రెండో స్థానంలో ఉన్నాను. నా ముందు నిజామాబాద్ అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల నాన్నకు టౌన్‌లో కుట్టు షాపు. ఆ అమ్మాయి ఎవరివైపూ చూడకుండా, పిండి మర నడిచినట్టు ఒకే తీరుగా నడుస్తోంది. అప్పుడే కంచె దగ్గరి నుంచి పెద్దబాపు గొంతు లేచింది.

"ఉరుకు బిడ్డా, ఉరుకు! ఏం జూస్తున్నవ్, ఉరుకు!"

చుట్టాలంతా అందుకున్నారు. బాపు కూడా. ఏ పని చేస్తే నన్ను బయటికి పంపుతారో సరిగ్గా ఆ పనే చెయ్యమని మా వంశమంతా ముక్తకంఠంతో కోరింది. అంతమంది ప్రేమను నా కాళ్లు కాదనలేకపోయాయి. అడుగులు లేచాయి. ఇంకో రౌండ్ తిరిగేసరికి పెద్ద జడ్జి నా ముందుకొచ్చి ఎర్ర పలక చూపించాడు.

తర్వాత నాకు అందిన ఓదార్పుకు కొదవ లేదు. పెద్దబాపు జడ్జి మీదికి పోయి, "నడిశే పిల్లను ఆపుడేంది సాబ్, ఏం కథ?" అని కొట్లాడాడు. సారు, "గెలుపోటములు సహజం" అని చెప్పి, అదే ఊపిరిలో, "రేపు హెడ్మాస్టర్‌కు నా మొఖం ఎట్ల సూపియ్యాలె?" అన్నారు. బాపు మాత్రం "పోనీ తియ్, మంచిగ సదువుకో" అన్నాడు. ఆ ముక్క అన్నిటికంటే గట్టిగా తగిలింది.

నేను గ్రౌండ్ మూలకు పోయి కూర్చున్నాను. పెద్దబాపు ఫోన్ పట్టుకొని, నా బాధను వీడియో తియ్యడానికి కాబోలు, నావైపే వస్తున్నాడు. ఇంతలో గెలిచిన ఆ అమ్మాయి వచ్చి నా ముందు అడ్డంగా కూర్చుంది. చున్నీ విప్పి రెండు చేతులతో పరదాలా పట్టుకుంది.

"ఏడుపొస్తుందా? ఏడువ్. నేను అడ్డం కూసుంట."

ఏడ్చాను. ఆమె చున్నీ దించకుండా అలాగే పట్టుకుంది. నా ఏడుపు తగ్గాక బూటు విప్పి, నల్లబడ్డ కాలిగోరు చూపించింది.

"పోయినసారి నన్ను గూడ తీసేసిండ్రు. బాత్రూంల కూసోని ఏడ్సిన. మా అమ్మీ తలుపు కొట్టి కొట్టి పరేషాన్ అయింది."

"మరి మళ్ల ఎందుకొచ్చినవ్?"

"నడుసుడు ఇష్టం గదా యార్," అంది, అదేం ప్రశ్న అన్నట్టు. "ఐతారం పొద్దుగాల్ల ఈడనే ఉంట. వస్తవా?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బాపుతో చెప్పాను. "నడక ఇడ్సేది లేదు. నువ్వు గూడ రా. గనీ హారన్ కొట్టకు, ఒర్రకు. ఊకె కూసో."

బాపు మొఖం చిన్నబోయింది. "నీ మంచికే గద బిడ్డా ఒర్రింది?" అన్నాడు. అయినా ఆదివారం పొద్దున్నే నాతోపాటు బస్సెక్కాడు. గ్రౌండ్ మెట్ల మీద చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. అరవకుండా ఉండటం ఆయనకు వరి కోత కంటే కష్టమైందని చూస్తేనే తెలిసింది. అలా ఆ ఏడాదంతా వచ్చాడు.

మరుసటేడు పోటీల్లో నేను నాలుగో స్థానంలో వచ్చాను. మెడల్ రాలేదు, రాష్ట్రానికి పోలేదు. కానీ చివరిదాకా నడిచాను. ఒక్క జడ్జీ తప్పు పట్టలేదు. పెద్దబాపు ఫ్లెక్సీ కొట్టించలేదు. నాలుగో స్థానానికి సరిపడే సింహం బొమ్మ కూడా ఆయనకు దొరకలేదేమో, ఫోన్ మూగబోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నిజామాబాద్ బస్టాండ్‌లో నేనూ, ఆ అమ్మాయీ, బాపూ మిర్చి బజ్జీలు తింటున్నాం. బాపు ఉన్నట్టుండి ఆమెను అడిగాడు, "అవునమ్మా, కాలు వంగకుంట ఎట్ల నడుస్తరు అసలు?"

ఆమె లేచి చూపించింది. బాపు చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, బోధన్ బస్సు కోసం నిలబడ్డ జనం ముందే నడుము తిప్పుకుంటూ అటు చివరిదాకా నడిచాడు. జనం నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. తిరిగొచ్చి, మోకాళ్లు పట్టుకొని ఆయాసపడుతూ నావైపు చూశాడు.

"గింత కష్టమా బిడ్డా?"