కాకి తన్నిన కబురు

అరవైల చివర్లో, ఒక వేసవి సెలవుల్లో నన్ను కాకి తన్నింది. విజయనగరంలో డిగ్రీ చదువుతూ, కొత్తవలస దగ్గర మా ఊరికి వచ్చి ఉన్నాను. పెరట్లో మామిడిచెట్టు మీది గూట్లోంచి కాకిపిల్ల జారిపడింది. పిల్లి పొంచి ఉంది కదా అని దాన్ని చేతిలోకి తీసుకున్నానో లేదో, తల్లికాకి వచ్చి నడినెత్తిన ఒక్కటి తన్నింది. చుట్టుపక్కల కాకులన్నీ చేరి ఒకటే గోల. నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. క్లాసులో విన్నది నా నెత్తి మీదే రుజువైంది కదా!

మా జువాలజీ మాస్టారు చెప్పింది ఇదీ. పిల్ల కోసం తిరగబడని కాకులు కూడా ఒకప్పుడు ఉండే ఉంటాయి. వాటి పిల్లల్ని పిల్లులూ డేగలూ తినేశాయి. తిరగబడినవాటి పిల్లలు బతికి, ఆ గుణాన్నే తమ పిల్లలకు ఇచ్చాయి. ప్రకృతి వరణమంటే అంతే, అందులో త్యాగం లేదు, పుణ్యం లేదు. బిడ్డలో మన వంతు సగం, తోడబుట్టినవాళ్లలోనూ దాదాపు సగం. ఆ వంతు బతికితే, ప్రాణమిచ్చిన జీవి పోయినా దాని గుణం పోదు.

ఈ ఉపన్యాసమంతా అమ్మకి అప్పజెప్పాను. ఆవిడ వింటేనా! కాకి తంతే చావు వస్తుందని మా వైపు భయం. దానికి విరుగుడు, మనిషి పోయాడని దగ్గరి చుట్టాలకు అబద్ధపు కబురు పంపడం. అది నిజమనుకుని వాళ్లు ఏడిస్తే గండం గడిచినట్టే.

నేను స్నానం చేసి వచ్చేసరికి కబురు వెళ్లిపోయింది. ఎవరికి? శృంగవరపుకోట అవతల అత్తవారింట్లో ఉన్న మా అప్పకి, అంటే అక్కకి. తొలి కాన్పు, ఎనిమిదో నెల. నెల మారగానే పురిటికి మా ఇంటికి తీసుకురావాలి.

“నీకు మతి గాని పోనాదేటే అమ్మా?” అని అరిచాను.

“ఏటవదురా. మన కంబారికి సెప్పే పంపినాను. అది ఏడిసినాక నిజం సెప్పేస్తాడు. తోడబుట్టింది ఏడిస్తేనే గండం పోతాది.”

కంబారి అంటే మా పొలం పనులు చూసే మనిషి. సైకిలు మీద అప్పటికే చాలా దూరం పోయి ఉంటాడు. దొరికిన బస్సెక్కాను. అది ప్రతి ఊళ్లోనూ ఆగింది. ఒకచోట డ్రైవరు తీరుబడిగా టీ తాగుతుంటే, దిగి వాణ్ణి తన్నాలనిపించింది. అప్ప కళ్లు తిరిగి పడిపోతే? కడుపులో బిడ్డకి ఏమన్నా అయితే? మాస్టారి లెక్కతోనే ధైర్యం చెప్పుకున్నాను. చచ్చినవాడి కోసం కడుపులో బిడ్డని ప్రమాదంలో పెట్టి ఏ తల్లీ బయల్దేరదు, ఏడ్చి ఇంట్లోనే ఉంటుంది అనుకున్నాను.

లెక్క తప్పింది. బస్సు దిగి వాళ్ల ఊరి దారిలో కొంచెం నడిచానో లేదో, మండుటెండలో, కాళ్లకి చెప్పుల్లేకుండా, ఒక చేత్తో పొట్ట పట్టుకుని అప్ప ఎదురొస్తోంది. వెనకాల సైకిలు తోసుకుంటూ కంబారి.

“నిజం సెప్పలేదేటి?” అని అతని మీద విరుచుకుపడ్డాను.

“అమ్మాయి ఏడిస్తే గదా బాబూ సెప్పడానికి! సుక్క కన్నీరు రాల్లేదు. అత్తగారు వొద్దంతన్నా దొడ్డిదారిన వొచ్చేసినాది.”

అప్ప నన్ను చూసి నిలబడిపోయింది. దగ్గరికొచ్చి నా మొహం, భుజాలు తడిమింది. అలాగే రోడ్డు పక్కన కూలబడింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“సచ్చినోడి కాడికి ఈ ఎండలో వొచ్చి ఏటి సేద్దామనే?”

“నాను సూసీవరకూ పాడె ఎత్తొద్దని సెప్దామని.”

దీనికి ఏ లెక్కలోనూ చోటు కనబడలేదు నాకు. కాకి తన్నిన సంగతంతా చెప్పాను. పొట్ట నిమురుకుంటూ విన్నది. బిడ్డ కదులుతోందని చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

“అయితే కబురంపింది అమ్మేనా?”

“అమ్మే. నాకు గండం పోవాలని...”

“మరి నా కడుపులో ఉన్నదానికి గండం రాదేటిరా? నాను మాత్రం అమ్మకి పుట్టలేదేటి?”

అప్పుడు ఏడ్చింది. గట్టిగా, వెక్కి వెక్కి ఏడ్చింది. కంబారి మొహం విప్పారింది.

“ఏడిసినాది బాబూ! నీ గండం గడిసిపోనాది.”

అతన్ని కొట్టడానికి కూడా నాకు చెయ్యి లేవలేదు. ఆ చెయ్యి పట్టుకునే అప్ప లేచింది. పైటతో మొహం తుడుచుకుంది.

“పురుడు ఇక్కడే పోసుకుంతాను. అమ్మకి సెప్పు” అని, అత్తవారి ఊరి వైపు తిరిగి నడిచింది.