తగ్గిందా అని అడగని సైటు

ఒక సైటు మంచిదో కాదో తేల్చడానికి సైట్లు తయారుచేసే మా పనిలో చూసే మొదటి అంకె, ఒకసారి వచ్చినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారన్నది. ఆ అంకె పేరెత్తితే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

గుంటూరులో విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణాలు వరసగా ఉండే వీధిలో ఒకాయనకు పెద్ద కొట్టుంది. మిరప, పత్తి వేసేవాళ్ళు పర్చూరు వైపు నుంచి కూడా బస్సెక్కి అక్కడికి వస్తారు. కొత్త సైటు చేయమని నన్ను పిలిచే ముందే ఆయనకు ఎవరో ఒకటి చేసిచ్చారు. తెరవగానే మెడలో దండతో ఆయన ఫోటో, వెనక సన్నాయి, ఎడమ నుంచి కుడికి పాకే 'సుస్వాగతం'. ఒకసారి చూసినవాడు రెండోసారి చూడాల్సిందేమీ అందులో లేదు.

"నాకు నీ కంప్యూటరు సంగతులేం తెలవవయ్యా. వచ్చినోడు మళ్ళీ రావాల. రానోడికి రమ్మని మెసేజ్ పోవాల. అంతే," అన్నాడాయన.

ఏ పనైనా ముందు వరసగా రాసుకుని గాని మొదలుపెట్టను. చదివిన ఇంజనీరింగ్ నాకు మిగిల్చిన అలవాటది. పొలంలో సిగ్నలు ఒక్క గీతే ఉన్నా పేజీ తెరుచుకోవాలి. ఎండలో కనబడేలా తెల్లటి తెర మీద నల్లటి పెద్ద అక్షరాలు. మట్టి వేలితో నొక్కినా పనిచేసే బటన్లు. 'రసం పీల్చు పురుగుల సమగ్ర యాజమాన్యం' లాంటి మాటలు ఎక్కడా ఉండకూడదు. రైతు నోట వచ్చే తెలుగే ఉండాలి. రాగానే పేరు, నంబరు అడిగే పెట్టె అడ్డం రాకూడదు. చివరగా, గీత గీసి మరీ రాసుకున్నది: మనిషి మళ్ళీ రావాలంటే, పోయినసారి వచ్చిన పని జరిగి ఉండాలి.

ఆ చివరి మాట కోసమే 'ఆకు చూపించండి' అనే పేజీ పెట్టాను. రైతు జబ్బు చేసిన ఆకు ఫోటో పంపుతాడు. కొట్లో కౌంటరు దగ్గర కూర్చునే ఆయన చూసి, ఏ మందు కొట్టాలో జవాబు రాస్తాడు. జవాబు రైతు ఫోనుకు వెళుతుంది.

అది పెట్టే ముందు ఒక మిరపచేలో దిగి నేనే పరీక్ష చేశాను. మిరపాకు రెండు రకాలుగా ముడుచుకుంటుంది. తామరపురుగు పడితే అంచులు పైకి లేచి పడవలా అవుతుంది. దాన్ని పైముడత అంటారు. నల్లి పడితే అంచులు కిందికి వంగి, బోర్లించిన పడవలా ఉంటుంది. అది కిందిముడత. దేని మందు దానిదే, ఒకదాని మందుకు ఇంకోటి చావదు. చిక్కెక్కడంటే, పురుగులు దాక్కునేది ఆకు అడుగున. అందుకని రైతు ఏం చేస్తాడు? ఆకు తెంపి, పురుగు కనబడాలని తిరగేసి, అరచేతిలో పెట్టి ఫోటో తీస్తాడు. పడవ బోర్లా పడుతుంది. పైముడత కాస్తా ఫోటోలో కిందిముడత అవుతుంది.

కాబట్టి ఫోటో బటను పైన నాలుగు మాటలు రాశాను. ఆకు తెంపొద్దు. మొక్క మీద ఉండగానే తీయండి. ముందు పైవైపు, తర్వాత అడుగు. పక్కన చిగురు కూడా కనబడాలి.

కొట్టాయన అది చూసి మొహం చిట్లించాడు.

"ఇంత పురాణం ఎవడు చదువుతాడయ్యా? 'ఫోటో పంపండి' అని పెట్టు, చాలు."

"తప్పు మందు చెప్పే ప్రమాదం ఉందండి."

"మా దగ్గర రెండు మందులూ ఉన్నాయి గదా! ఇది కాకపోతే అది."

నేను ఒప్పుకోలేదు. మరునాడు చూస్తే ఆ నాలుగు మాటలూ లేవు. సరుకు వివరాలు మార్చుకోమని నేనిచ్చిన పాస్‌వర్డుతో కౌంటరు ఆయన చేత తీసేయించాడు.

సైటు బాగా నడిచింది. మళ్ళీ వచ్చేవాళ్ళ లెక్క చూపే గీత వారం వారం పైకి లేచింది. కొట్టాయన మిఠాయి పెట్టె పంపి, "బాగా ఎక్కువసార్లు వచ్చినోళ్ళెవరో చూడు, టోపీలూ టార్చిలైట్లూ ఇద్దాం," అన్నాడు. అది తేల్చడానికి పాత ఫోటోలు తెరిచాను.

పేర్ల కంటే ముందు ఒక అరచెయ్యి నా కంటబడింది. బొటనవేలి మొదట్లో పాత కాలిన మచ్చ. వెనక్కి వెళ్ళినకొద్దీ అదే చెయ్యి. ప్రతిసారీ దాంట్లో ఒక మిరపాకు, ప్రతిసారీ బోర్లా. ఒక్కో ఫోటో కింద నల్లి మందు పేరు ఒకటి. పోయినసారి చెప్పింది పనిచేసిందా అని జవాబిచ్చినాయన ఒక్కసారీ అడగలేదు. ఈసారి ఇది కొట్టండి, ఈసారి ఇది కలిపి కొట్టండి. ఫోటోల్లో ఆకు మాత్రం చిన్నదైపోతూ ఉంది.

నేను గర్వంగా చూసుకున్న గీత ఇదన్నమాట. జబ్బు తగ్గనందువల్ల తిరిగొచ్చిన మనుషులు.

ఆ ఫోటోలు వచ్చిన నంబరుకు ఫోను చేస్తే ఒకామె ఎత్తింది. పర్చూరు అవతల ఊరు, కౌలుకు మిరప వేసింది. ఇంకో పని మీద చీరాల వెళుతూ దారిలో ఆమె చేను దగ్గర దిగాను. ఆమె నడుముకు కొంగు దోపుకుని ఎదురొచ్చింది.

"వందనాలు బాబూ. సైటు పెట్టింది నువ్వేనంటగా! ఇంత పిల్లోడివా? నేనింకా మీసాలూ కళ్ళజోడూ ఉన్న పెద్దాయనేమో అనుకున్నా."

"మీసాలున్నాయక్కా, సరిగ్గా చూడండి."

"ఆఁ, ఉన్నాయిలే, నా చేలో ఆకులున్నట్టు," అని నవ్వింది.

చేలోకి దిగాక నాకు నవ్వు రాలేదు. నల్లరేగడిలో మొక్కలు మోకాలెత్తున ఆగిపోయాయి. వంగి చూశాను. ప్రతి ఆకూ నిటారుగా, పడవలా, పైకి ముడుచుకుని ఉంది. పైముడత. ఎవరినీ అడగక్కర్లేదు, ఆ రెంటికీ తేడా చేలో దిగి పరీక్ష చేసింది నేనే.

"ఫోటో ఎట్టా తీశారక్కా?"

ఆమె ఠక్కున ఒక ఆకు తెంపి, తిరగేసి, అరచేతిలో పెట్టి చూపించింది. "ఇట్టా. పురుగు అడుగునే గదా ఉండేది? మీ వోళ్ళకి కనపడద్దా?"

నా తల వేడెక్కిపోయింది. ఆమె మీద కాదు, ఆమె చేసింది తెలివైన పనే. ఆ నాలుగు మాటలు తీసేయించినాయన మీద.

"ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలు ఉంటుంది గదక్కా, చూపించలేదా?"

"ఆ పిల్ల ఎప్పుడు ఆఫీసులో ఉంటదో, ఎప్పుడు మీటింగుకి పోతదో! మీ సైటు ఎప్పుడు అడిగినా పలుకుద్ది. అంత మర్యాద మా ఆయన దగ్గర కూడా లేదు." మళ్ళీ నవ్వబోయి ఆగింది. "ఈ కాపు పోతే కౌలు ఇచ్చినాయన పైయేడు నాకు చేను ఇవ్వడు బాబూ. ఇంకోళ్ళు అడుగుతానే ఉన్నారు. ఆదివారం గుళ్ళో ప్రార్థనలో కూడా పెట్టించా."

అక్కడే నిలబడి ఆ సహాయకురాలికి ఫోను చేయించాను. ఆమె బండి మీద వచ్చింది. మొక్కలు చూసి, కొట్టిన మందుల పేర్లు విని నెత్తి కొట్టుకుంది. కలిపి కొట్టడం మానమంది, నీలం రంగు జిగురు అట్టలు కట్టమంది, తామరపురుగు మందు పేరు రాసిచ్చింది. పల్లపు పక్క సాళ్ళకు వైరస్ తగిలింది, అవి పీకెయ్యక తప్పదంది. అక్క వెళ్ళి మొదటి మొక్క పీకింది.

చీరాల పని మానుకుని గుంటూరు వెనక్కి వచ్చాను. కొట్టాయన ముందు ఫోటోలన్నీ తెరిచిపెట్టాను. రెండు అడిగాను. ఆ నాలుగు మాటలూ తిరిగి పెట్టాలి. మందు చెప్పిన కొన్నాళ్ళకు సైటే రైతును 'తగ్గిందా?' అని అడగాలి. కింద రెండు బటన్లు: తగ్గింది, తగ్గలేదు.

"తగ్గలేదని పదిమంది నొక్కితే ఊరంతా చూడరా?"

"ఊరికి కాదండీ, మీకొక్కరికే కనబడుతుంది."

"నాకెందుకయ్యా అది కనపడటం?"

కౌంటరు ఆయన కిసుక్కున నవ్వాడు. ఆ ఉత్సాహంతో కొట్టాయన ఇంకో మాట కూడా అన్నాడు. "అయినా తగ్గితే వాడు మళ్ళీ ఎందుకొస్తాడ్రా పిచ్చోడా?"

నేను చాలా మాటలన్నాను. గొంతు ఎంత పెరిగిందంటే వీధిలో మూటలు దించుతున్నవాళ్ళు తొంగిచూశారు. తగ్గినవాడే పైయేడు విత్తనాలకు మీ కొట్టు వెతుక్కుంటూ వస్తాడని, తగ్గనివాడు చేను పోయాక ఏ కొట్టుకూ రాడని అరిచాను. వ్యాపారం తెలిసిన మనిషికి వ్యాపారం గురించే చెప్పాను, ధర్మం గురించి కాదు. అదీ ఎక్కలేదు. "నువ్వు బొమ్మలేసేవాడివి, బొమ్మలెయ్యి," అన్నాడు.

పేజీల అడుగున ఉన్న నా పేరు అక్కడే, ఆయన చూస్తుండగానే తీసేశాను. పాస్‌వర్డులన్నీ కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను. సైటు ఇప్పటికీ నడుస్తోంది. గీత ఇప్పటికీ పైకే వెళుతోందని విన్నాను. కొట్టాయన దాన్ని తోటి వ్యాపారులకు చూపిస్తాడట.

మొన్న అక్క ఫోను చేసింది. పీకగా మిగిలిన సాళ్ళలో కొత్త చిగుళ్ళు ముడత లేకుండా సాపుగా వచ్చాయంది. సగం చేను నిలబడింది. కౌలు ఇచ్చినాయన వచ్చి గట్టు మీద నిలబడి చూసి, పైయేడు సంగతి తేల్చకుండా వెళ్ళాడట.

"అది సరే గాని బాబూ, మీ కొట్టోళ్ళు మెసేజ్ పెట్టారు. 'మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, మళ్ళీ రండి' అంట. ఏంది దాని అర్థం, మళ్ళీ జబ్బు రావాలనా?"

ఆ మెసేజ్ నేను కట్టిందే. రానివాళ్ళందరికీ దానంతట అదే వెళుతుంది.

"ఏమని పెట్టమంటావు?"

"తగ్గిందని పెట్టండక్కా."

పెట్టింది. కాసేపటికి మళ్ళీ ఫోను చేసింది, నవ్వు ఆపుకోలేకపోతోంది. కొట్టు నుంచి జవాబు వచ్చిందట. 'ధన్యవాదాలు. ఆకు ఫోటో పంపండి.'

ఆమె నవ్వుతూనే ఉంది. నాకు ఇప్పటికీ నవ్వు రాలేదు.