తగ్గిందని చెప్పినవాళ్ళు

మచిలీపట్నంలో ఉద్యోగం, విజయవాడలో ఇల్లు. చెరకు ఆడే నెలల్లో బస్సు ఉయ్యూరు దగ్గరపడగానే ఫ్యాక్టరీ నుంచి పులిసిన మడ్డి వాసన కిటికీలోంచి వచ్చి గొంతు పట్టేస్తుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు డాక్టర్ ఎస్తేరు రాణి గారు గుర్తొస్తారు. ఆవిడ పుట్టింది అక్కడే. తల్లీ తండ్రీ చెరకు కోతకు వెళ్ళి ఆవిడను డాక్టరు చదివించారు.

సైకాలజీ పూర్తిచేసిన కొత్తలో, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆవిడ దగ్గర చేరాను. మొదట ఇచ్చిన మందులకు లొంగని డిప్రెషన్ మీద ఆవిడ పరిశోధన చేస్తున్నారు. రెండు రకాల మందులు వాడినా కోలుకోనివాళ్ళకు, తలకు అయస్కాంత తరంగాలిచ్చే యంత్రంతో కొన్ని వారాలు చికిత్స చేసేవాళ్ళం. ప్రతివారం వాళ్ళను కూర్చోబెట్టి నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస, బతుకు మీద ఆశ ఎలా ఉన్నాయో అడిగి మార్కులు వేయడం నా పని. ఒకసారి ఒక పేషెంటు గురించి 'చికిత్సకు సహకరించడం లేదు' అని రాశాను. ఆవిడ ఆ ముక్క కొట్టేశారు. "మన మందు పనిచేయకపోతే ఆయన సహకరించలేదంటావేంటమ్మా? లొంగంది జబ్బు. మనిషి కాదు" అన్నారు. గొంతు పెంచలేదు. అయినా ఆ రోజంతా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా పేషెంట్లలో అందరికన్నా బాగా కోలుకున్నది సాంబశివరావు, ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. వారం వారం అతని మార్కులు మెరుగవుతుంటే నాకు గర్వంగా ఉండేది. చికిత్స ముగిశాక అతను చూపించుకోవడానికి రాలేదు. ఫారంలో 'రాలేదు' అని రాయబోతుంటే మేడమ్ ఆపారు. ఎందుకు రాలేదో కనుక్కోకుండా ఆ మాట రాయకూడదన్నారు. ఆ మధ్యాహ్నమే ఇద్దరం కారులో బయలుదేరాం.

లేతు షెడ్డు వెనక, వాళ్ళుండే గదిలో అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మూడు నెలలుగా పనిలోకి వెళ్ళలేదని భార్య చెప్పింది. అంటే బాగున్నానని నాకు చెప్పిన వారాల్లో కూడా వెళ్ళలేదు. మేడమ్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నిజంగా ఎలా ఉందని అడిగారు. అతను లేచి కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

"మీరంతా అంత కష్టపడుతున్నారు కదండీ, డాక్టరమ్మ గారూ. తగ్గలేదంటే ఈ అమ్మాయి గారు చిన్నబుచ్చుకుంటారని, తగ్గిందని చెప్పేశానండీ."

తిరిగి వస్తుంటే మేడమ్ నన్ను ఒక్కటే అడిగారు, ప్రశ్నలు ఎలా అడిగేదానివని. దాచలేదు. "ఈ వారం ఇంకా బాగున్నారు కదండీ?" అని నవ్వుతూ మొదలుపెట్టేదాన్నని చెప్పాను. బెంజ్ సర్కిల్ దాటాక, "తప్పు నాది. ఒక్కసారైనా నీ పక్కన కూర్చుని వినాల్సింది" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా సంగతులేవీ తెలియని ఇంకో సైకాలజిస్టును పిలిపించి, పేషెంట్లందరినీ మేడమ్ మొదటినుంచీ అడిగించారు. కొందరికి నిజంగానే నయమైంది. చాలామందికి కాలేదు. ఉన్నది ఉన్నట్టు ప్రకటిద్దామని మేడమ్ పట్టుబట్టారు. అప్పటికే కొత్త యంత్రం గురించి ఊరంతా బోర్డులు పెట్టించిన ఆసుపత్రి పెద్దలకు అది నచ్చలేదు. మీటింగులో మా విభాగాధిపతి నావైపు తిరిగి, మొదట తీసుకున్న మార్కులు సరైనవేనా అని అడిగారు. మేడమ్ నావైపు చూడలేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని కాబోలు, కిటికీవైపు చూస్తూ కూర్చున్నారు. నా ఉద్యోగం ఆ నెలలోనే ఖాయం కావాలి. "సరైనవేనండీ" అన్నాను.

పరిశోధనాపత్రం ఆ మొదటి మార్కులతోనే, ఆవిడ పేరు లేకుండా అచ్చయింది. రెండో పేరు నాది. ఆవిడ రాజీనామా చేసి ఉయ్యూరులో చిన్న క్లినిక్కు పెట్టుకున్నారు.

ఏడాదికి ధైర్యం చేసి వెళ్ళాను. కూర్చోమని టీ తెప్పించారు. సాంబశివరావు ఇప్పుడు తన దగ్గరికే బస్సులో వస్తున్నాడని చెప్పారు. మందులు మార్చి, వారానికోసారి కూర్చుని మాట్లాడుతూ వస్తే, కొన్ని రోజులు పనిలోకి వెళ్ళగలుగుతున్నాడట. "బాగాలేని వారం బాగాలేదని చెబుతున్నాడు. నాకు దక్కిన ఫలితం అది" అన్నారు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. "పత్రం చదివానమ్మా. నీ పేరు చూశాను" అన్నారు. అంతే, తరవాతి పేషెంటును పిలిచారు. మళ్ళీ వెళ్ళలేదు. రెండేళ్ళ తరవాత ఆవిడ కాన్సరుతో పోయారని తెలిసింది. చర్చిలో ప్రార్థన జరిగిన రోజు సెలవు పెట్టి, ఇంట్లోనే ఉండిపోయాను.

పోయిన నెల, మచిలీపట్నంలో నేనిప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో, ఒక స్కూలు టీచరు నా దగ్గరికి వచ్చింది. రెండు మందులు పనిచేయలేదు, ఎక్కడో ఆ యంత్రం చికిత్సా చేయించుకుంది, దానికీ తగ్గలేదు. చేతిలో మా పత్రం ప్రింటు ఉంది. "ఇంతమందికి తగ్గింది కదండీ. నాకొక్కదానికే తగ్గలేదంటే లోపం నాలోనే ఉంది కదండీ" అంది. ఆ మాట అంటూ ఆమె నవ్వడానికి ప్రయత్నించింది, నేను బాధపడకుండా.

లోపం ఆమెలో లేదని, కాగితంలో ఉందని చెప్పాను. ఆ మార్కులు వేసింది నేనే అన్నాను. ఇంకా ప్రయత్నించాల్సిన చికిత్సలున్నాయని, పనిచేయకపోతే పనిచేయలేదని నా మొహం మీదే చెప్పమని అడిగాను. అదంతా ఎస్తేరు గారు నేర్పిందే. ఆమె చేతిలో ప్రింటు మడుస్తూ, "మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?" అంది.

ఆమె వెళ్ళాక ఆ పత్రం వేసిన పత్రికకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలో ఆవిడ పేరు రాశాను. రెండో వాక్యంలో నేనేం చేశానో రాయాలి. నెల అయింది, ఇంకా అక్కడే ఉన్నాను.